తరుగు

సాగర్ రోడ్డు మీది పాత రైస్ మిల్లు
ఇప్పుడు బారు.
బాయిలరు కాడ వంటిల్లు,
వడ్లు ఆరబోసిన గచ్చు మీద టేబుళ్లు,
నూకలు రాలిన మూలకు
నాలుగు చెక్కలు కొట్టి స్టేజీ.
గోడ మీద ఇంకా ఉన్నది "పొగ త్రాగరాదు" అని.
దాని కిందనే కూసుంటరు బీడీలోళ్లు.

తలుపు కాడ మా కాంటా.
జానకిరాములు కొడుకు అన్నీ అమ్మిండు గని దాన్ని అమ్మలే.
లోపలికొచ్చేటోడు ఎక్కాలె,
పొయ్యేటప్పుడు మళ్ల ఎక్కాలె.
చీటీ మీద రెండంకెలు రాసిస్తడు.
తగ్గినోనికి ఆఖరు పెగ్గు ఉత్తగనే.
ఇంత తిని ఇంత తాగినంక తగ్గేటోడెవడు, అని నవ్వుతరు.
తగ్గినోళ్లున్నరు.
పోయిన వానకాలం బోరుబండి డ్రైవరు సైదులు
మౌలాలి క్లారినెట్టు ఇనుకుంట ఇనుకుంట ఏడ్సి
ముప్పావు కిలో తగ్గిండు.
ఆ చీటీ పర్సుల దాసుకున్నడు, పెండ్లాం ఫొటో ఎనకాల.

శుక్రారం శుక్రారం పాట.
మౌలాలిది బస్టాండు ముంగట పెండ్లి బ్యాండు,
మూఢం వస్తే వారమంత ఈడనే.
ఎస్తేరు సిస్టరు పెద్దాస్పత్రిల డ్యూటీ దిగి
తెల్ల చెప్పులతోనే స్టేజెక్కుతది,
మైకును థర్మామీటరు లెక్క ఒక్కసారి దులుపుతది.
ప్యాడు కొట్టే పిలగాడు పగలు సెల్లుఫోన్లు బాగుచేస్తడు.

తొమ్మిదీ నలభైకి గూడ్సు బండి.
ఎన్నడూ పాట నడుమనే.
ఎస్తేరు ఒక్క మాటను నోట్లెనే పెట్టుకొని నిలబడ్తది
ఆఖరు డబ్బా పోయేదాంక.
గ్లాసులు టేబుళ్ల మీద సన్నగ వణుకుతయి.
ఎన్ని డబ్బాలో సరిగ్గ చెప్పినోనికి గిన్నెడు పల్లీలు.
కోర్టు కాడ దస్తావేజులు రాసే విఠలయ్య
ప్రతిసారి నలభై రెండే అంటడు.
ఎందుకో మేమెవ్వరం అడగలే.

నేను మూడో స్తంభం కాడ కూసుంట.
ముప్పై ఒక్క ఏండ్లు ఆడ్నే నా కుర్చీ,
నా చెవి మీద పెన్సిలు.
ఈ కాంటా ఎంత అబద్ధమాడ్తదో నాకొక్కనికే ఎరుక.
దాని కడుపుల, సీల కింద, అట్టముక్క పెట్టింది నేనే.
బస్తాకు రెండు కిలోలు.
అది చాలదన్నట్టు నోటితోటి ఇంకో రెండు,
తేమ అని, తాలు అని, మట్టి అని.

మొన్న శుక్రారం దామరచర్ల దిక్కు తండా నుంచి
గోప్యా నాయక్ వచ్చిండు.
మోటరు సామాను కొననొచ్చి ఆఖరు బస్సు తప్పిండట.
ఒక్క బీరు. పాటకు కండ్లు మూసుకున్నడు.
రైలొచ్చినప్పుడు కూడ తెరువలే.

పోతా పోతా కాంటా ఎక్కిండు.
"వచ్చినప్పుడు యాభై నాలుగు, ఇప్పుడు యాభై నాలుగే తాతా."
ముసలాయిన నా స్తంభం దిక్కు సూసిండు.
"గట్లెట్ల? తరుగు తియ్యలే?
గుమస్తా సాబ్, జర తేమ సూడరాదు,
మస్తుగ నానిన ఇయ్యాల."

బారంత ఒక్కటే నవ్వు.
మౌలాలి క్లారినెట్టు కూడ కిచకిచమన్నది.
అందరికంటె గట్టిగ గోప్యానే నవ్విండు,
మనసుల ఏం లేనట్టు, నా భుజం తట్టి పోయిండు.
నేను కూడ నవ్విన.
గ్లాసు పట్టుకున్న చెయ్యి టేబుల్ కిందికి దించి నవ్విన.

షట్టరు దించేముందు పిలగాన్ని పానా అడిగిన.
అట్టముక్క ఎండిన తమలపాకు లెక్క ఊడొచ్చింది.
దాని మీద నా చేతిరాతనే,
ఏదో బస్తాల లెక్క, సగం చెదలు తిన్నది.

ఇప్పుడు అందరూ రెండు కిలోలు పెరిగిన్రు.
కొందరు బిర్యానీ బాగుందంటున్నరు.
కాంటా ఖరాబైందని సైదులు లొల్లి పెట్టిండు.
నా ముప్పావు కిలో సంగతేందని చీటీ తీసి సూపిండు.
మెకానిక్కును పిలుస్తమన్నరు.

నేనింక ఎక్కలే.
వంటింటి తలుపుల నుంచి వస్తున్న,
పాటైనంక
వంటింటి తలుపుల నుంచే పోతున్న.